ఆరు నెలల ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ కోర్సు: శనివారంలోగా డబ్బు కట్టమంటున్నారు, కట్టమంటారా?

దేవరకొండ_బైపీసీ
ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తయింది, 871 మార్కులు. నీట్ రాశాను కానీ సీటు వచ్చే ర్యాంకు కాదు. ఇంకో ఏడాది కోచింగ్‌కు పంపే స్థోమత ఇంట్లో లేదు. మాకున్నవి మూడెకరాల బత్తాయి, అందులో సగం చెట్లు ఎండిపోయాయి. మా దూరపు బంధువు ఒకాయన హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ గురించి చెప్పాడు. ఆరు నెలల ‘సర్జికల్ టెక్నాలజిస్ట్’ కోర్సు, ఫీజు 65 వేలు, నూటికి నూరు శాతం ఉద్యోగం, ఏడాది తిరిగేసరికి దుబాయి. ఈ శనివారంలోగా పదివేలు కట్టి పేరు ఖాయం చేసుకోవాలట.

ఈ కోర్సుకు విలువ ఉందా? ఆపరేషన్ థియేటర్‌లో అసలు ఏం పని చేయిస్తారు? ఆడపిల్లలను తీసుకుంటారా? మీ జవాబులు మా నాన్నకు చదివి వినిపిస్తాను, కొంచెం వివరంగా రాయండి.

ఆక్సిజన్_సిలిండర్
శనివారంలోగా కట్టమన్నారంటే ఆదివారం ఆ బోర్డు అక్కడ ఉండకపోవచ్చు.

పదిహేనో_బ్లేడు
మాది వనపర్తి. బీఎస్సీ అనస్థీషియా, ఓటీ టెక్నాలజీ చదివాను, ఆరేళ్లుగా హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో చేస్తున్నాను. చెల్లీ, ఆ బంధువును ఒక్క ప్రశ్న అడుగు: సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? మన రాష్ట్రంలో ఈ చదువుకు నమ్మదగిన దారులు రెండు. తెలంగాణ పారామెడికల్ బోర్డు కింద నడిచే రెండేళ్ల డిప్లొమా ఒకటి. అందులో అనస్థీషియా టెక్నీషియన్ వేరు, స్టెరిలైజేషన్ (సామాను మీద క్రిములు లేకుండా చేయడం) తో కలిపి చెప్పే ఓటీ టెక్నీషియన్ వేరు. దరఖాస్తులో చూసి పెట్టుకోవాలి. రెండోది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే బీఎస్సీ. మూడేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనూ ఇలాంటి అలైడ్ హెల్త్ (డాక్టర్లకు తోడుగా పనిచేసే సాంకేతిక సిబ్బంది) కోర్సుల సీట్లు ఉన్నాయి, కౌన్సెలింగ్ ప్రకటన కోసం కాచుకుని ఉండు.

ఇంకో సంగతి. 2021లో అలైడ్ హెల్త్ వృత్తులకు పార్లమెంటు ఒక చట్టం చేసింది, అందులో ఓటీ టెక్నాలజిస్టులు కూడా ఉన్నారు. చదువు రెండు నుంచి నాలుగేళ్లు సాగాలి, 2,000 గంటలకు తగ్గకూడదు అని అందులో రాసి ఉంది. ఆరు నెలల్లో 2,000 గంటలు కావాలంటే రోజుకు పదకొండు గంటలు చదవాలి, ఆదివారాలు కూడా కలిపి.

ఆక్సిజన్_సిలిండర్
పండుగ రోజు పన్నెండు గంటలు.

మిర్యాలగూడ_ఆటోక్లేవ్
పై తమ్ముడి మాట కాదనను. కానీ కాగితానికి చేతులు ఉండవు. నేను పదో తరగతి తప్పి 2002లో ఒక నర్సింగ్ హోమ్‌లో గచ్చు తుడిచే పనికి చేరాను. మొదటి ఏడాది థియేటర్ గడప దాటనివ్వలేదు. వాడిన గ్లోవులు కడిగి, ఆరబెట్టి, పౌడర్ చల్లి జతలు కట్టేవాడిని. అప్పట్లో చిన్న ఆసుపత్రుల్లో గ్లోవులు మళ్లీ మళ్లీ వాడేవారు, ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు. తర్వాత ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో పెట్టే డ్రమ్ములు సర్దడం నేర్పారు. బట్టలు గట్టిగా కుక్కితే ఆవిరి లోపలికి పోదు, వదులుగా పెట్టాలి. 121 డిగ్రీలు, పదిహేను పౌండ్ల ఒత్తిడి, మేము ఇరవై నిమిషాలు ఉంచేవాళ్లం. తీశాక, వేడి సరిగ్గా తగిలితే రంగు మారే టేపు మీద గీతలు నల్లబడ్డాయో లేదో చూడనిదే డ్రమ్ము లోపలికి పంపలేదు, ఇప్పటికీ పంపను.

మూడో ఏట సామాను పేర్లు వచ్చాయి. పేగును నలగకుండా పట్టుకునే బాబ్‌కాక్ పట్టకారును చాలా కాలం ‘బాబుకాక’ అనుకున్నాను, డాక్టరుగారు ఎవరో పెద్దాయనను తలుచుకుంటున్నారని. మొన్న బీఎస్సీ పాసై వచ్చిన అబ్బాయి నా దగ్గరే చేరాడు. డాక్టర్ బాబ్‌కాక్ అడిగితే ఆలిస్ అందించాడు. ఆలిస్‌కు పళ్లు ఉంటాయి. దాంతో పేగు పట్టుకుంటే ఏమవుతుందో ఆ నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదా? కాబట్టి అమ్మా, ఏ కోర్సు అని తర్వాత అడుగు, ఎక్కడ చేయి పెట్టనిస్తారని ముందు అడుగు.

పదిహేనో_బ్లేడు
అన్నా, ఆ అబ్బాయి చదివిన చోట సొంత ఆసుపత్రి ఉండి ఉండదు. అది కళాశాల తప్పు, చదువు తప్పు కాదు. మేము రెండో ఏడాది నుంచే రోజూ థియేటర్‌లో ఉన్నాం.

ఎర్రబస్సు_కల్వకుర్తి
‘బాబుకాక’ను ఈ వేదికకు గౌరవ సభ్యుడిగా తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను.

గద్వాల_సిస్టర్
ఎవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. ‘సర్జికల్ టెక్నాలజిస్ట్’ అన్న పేరు విని సర్జన్ పక్కన నిలబడి కత్తులు అందించే పనే అనుకుని వస్తారు. నేను పనిచేసిన ప్రభుత్వ థియేటర్లలో ఆ పనికి, అంటే స్క్రబ్‌కు నిలబడేది మేమే, స్టాఫ్ నర్సులం. టెక్నీషియన్ పని టేబుల్, లైట్లు, కాటరీ (కాల్చి రక్తం ఆపే యంత్రం), సక్షన్ (రక్తం పీల్చే యంత్రం), మత్తు యంత్రం, పేషెంటును సరిగ్గా పడుకోబెట్టడం. నర్సింగ్ హోముల్లో అయితే ఒక్కరే అన్నీ చేస్తారు, చివరికి కాన్పు అయిన ఇంటివాళ్లకు ఆడపిల్లో మగపిల్లాడో కబురు చెప్పడం కూడా.

కాబట్టి స్క్రబ్ అంటేనే ఇష్టం అయితే నర్సింగ్ చదవడం కూడా ఆలోచించు. ప్రభుత్వ ఉద్యోగాల పోస్టులు కూడా మాకే ఎక్కువగా పడతాయి.

పదిహేనో_బ్లేడు
సిస్టర్ చెప్పింది ప్రభుత్వ థియేటర్ల వరకు సరే. మా దగ్గర లాపరోస్కోపీ, కీళ్ల మార్పిడి కేసులకు స్క్రబ్ అయ్యేది టెక్నీషియన్లమే. మోకాలి మార్పిడి సెట్టు అంటే పెట్టెల మీద పెట్టెలు. ఏ పెట్టెలో ఏ కొలత ఉందో సర్జన్ కంటే ముందు మాకు తెలియాలి. ఇక్కడ నర్సులు సర్క్యులేటింగ్, అంటే చుట్టూ తిరుగుతూ కావలసినవి అందించే పని, చేస్తారు.

గద్వాల_సిస్టర్
సర్క్యులేటింగ్ ‘చేస్తారు’ అని తేలిగ్గా అనేశారు. మాప్‌ల (రక్తం అద్దే గుడ్డల) లెక్క ఎవరు రాస్తారు తమ్ముడూ?

పదిహేనో_బ్లేడు
మీరే సిస్టర్. తప్పయింది.

అచ్చంపేట_మాస్టారు
నేను ఉపాధ్యాయుడిని, నా దగ్గర చదివిన పిల్లలను దృష్టిలో పెట్టుకుని అడుగుతున్నాను. రాత్రిపూట ఫోను చేసి పిలుస్తారని విన్నాను. పల్లె నుంచి వెళ్లిన ఆడపిల్లకు ఇది తగిన ఉద్యోగమేనా? ఏ బీఈడీ వైపో వెళ్తే మేలు కదా?

గద్వాల_సిస్టర్
రాత్రి పని వద్దంటే, రాత్రి పుట్టే పిల్లలను తెల్లవారేదాకా ఆగమని చెప్పాలి సార్. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, ఇద్దరు పిల్లలను పెంచాను. భయపడవలసిన చోట్లు ఉన్నాయి, లేవని చెప్పను. ఉద్యోగంలో చేరేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ ఉందా, రాత్రి కాల్ వస్తే బండి పంపుతారా, ఆ డ్యూటీలో ఇంకో ఆడమనిషి ఉంటుందా. రెండింటికి లేదు అంటే ఆ ఆసుపత్రి వద్దు. ఊళ్లో ఇంకోటి ఉంటుంది.

ఆక్సిజన్_సిలిండర్
పెళ్లిచూపుల్లో ‘థియేటర్‌లో పని చేస్తాను’ అన్నాను. అమ్మాయి మేనమామ ‘బాల్కనీ టికెట్లు దొరుకుతాయా’ అని అడిగాడు. సంబంధం కుదిరింది. ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

దేవరకొండ_బైపీసీ
మా అమ్మ కూడా అలాగే అనుకుంది! జీతాలు ఎంత ఉంటాయో ఎవరైనా దాచకుండా చెబుతారా? మిర్యాలగూడ అన్నా, మీకు ఎంత వస్తుంది? తప్పయితే క్షమించండి.

పాలమూరు_సీఆర్మ్
నేను చెబుతాను. 2015లో డిప్లొమాతో మహబూబ్‌నగర్‌లో ఒక ఎముకల ఆసుపత్రిలో చేరాను, ఏడు వేలు. ఇప్పుడు 24 వేలు, రాత్రి కేసుకు విడిగా ఇస్తారు. 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లోనే ఉన్నాం కనుక కేసులకు కరువు లేదు, అలా అనాల్సి రావడం బాధే. తొడ ఎముకకు రాడ్డు వేసేటప్పుడు సీఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగా ఎక్స్‌రే చూపే యంత్రం) తిప్పేది నేను. సీసపు ఏప్రాన్ బరువుకు నడుము పట్టేస్తుంది, అయినా తీయకూడదు. రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఇవ్వని చోట సీఆర్మ్ పని చేయకు.

ఉద్యోగాల మాట అడిగితే, మా చిన్నప్పుడు ఆపరేషన్ అంటే హైదరాబాదు బస్సు ఎక్కడమే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. ఆ తర్వాతే ఇక్కడి నర్సింగ్ హోములు గట్టి థియేటర్లు కట్టుకోవడం నేను చూశాను. ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తుల్లో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో వచ్చాయి. అన్ని థియేటర్లకూ మనుషులు కావాలి. పోస్టులు నింపే తీరు మాత్రం చాలాచోట్ల ఔట్‌సోర్సింగే, జీతం మూడు నెలలకోసారి వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

స్పైనల్_సూది
నల్లగొండలో మత్తు వైద్యుడిని. ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను, నా గొడవ కాదు కదా అని. ఒక మంచి టెక్నీషియన్ ఎలా ఉంటాడో చెబుతాను.

మర్రిగూడ, మునుగోడు వైపు పాత తరం వాళ్లలో ఫ్లోరోసిస్ ఎక్కువ. వెన్నుపూసల మధ్య స్నాయువులు గట్టిపడి ఎముకలా తయారవుతాయి. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇవ్వబోతే సూది గోడకు తగిలినట్టు ఆగుతుంది. పూర్తి మత్తు ఇద్దామంటే మెడ వెనక్కి వంగదు, ఊపిరి గొట్టం వేయడం కష్టం. నాతో తొమ్మిదేళ్లు పనిచేసిన టెక్నీషియన్ ఒకడు పేషెంటును టేబుల్ మీదికి ఎక్కించేటప్పుడే ‘ఏ ఊరు పెద్దయ్యా’ అని అడిగేవాడు. ఊరి పేరు వినగానే నాతో ఒక్క మాట అనకుండా బూజీ (గొట్టానికి దారి చూపే సన్నని కడ్డీ), ఒక సైజు తక్కువ గొట్టాలు, రెండో లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం) తీసి ట్రేలో పెట్టేవాడు. నేను వెనక్కి తిరిగేసరికి అన్నీ చేతికందేవి. పెద్దాయనేమో పిల్లవాడు పలకరించాడని సంతోషపడేవాడు.

ఆ ప్రశ్న అతనికి ఎవరూ నేర్పలేదు. అయితే బూజీ అంటే ఏమిటో, మెడ వంగకపోతే ఎందుకు ఇబ్బందో డిప్లొమాలోనే నేర్చుకున్నాడు. మీ కాగితం, చేయి తగాదాకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతే.

ఎర్రబస్సు_కల్వకుర్తి
సార్, ఆ టెక్నీషియన్ ఇప్పుడు ఎక్కడ?

స్పైనల్_సూది
మస్కట్‌లో. నా కంటే సుఖంగా ఉన్నాడు.

రియాద్_జడ్చర్ల
గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి. నేను రెండేళ్ల డిప్లొమా, మన దగ్గర నాలుగేళ్ల అనుభవం చూపించి రియాద్ వచ్చాను. ముందు డేటాఫ్లో అనే పరిశీలన ఉంటుంది. మన సర్టిఫికెట్ నిజమైనదా అని ఇచ్చిన బోర్డుకే రాసి అడుగుతారు, పనిచేసిన ఆసుపత్రికి కూడా రాస్తారు. ఆ తర్వాత ప్రోమెట్రిక్ అనే లైసెన్సు పరీక్ష. నా గదిలో ఉన్న మిత్రుడు ఇలాంటి పొట్టి కోర్సు కాగితమే పెట్టాడు. పరిశీలనలో నిలవలేదు. అతను ఇప్పుడు ఇదే ఊళ్లో ఆసుపత్రి గోదాములో సామాను మోస్తున్నాడు, అప్పు మాత్రం టెక్నీషియన్ జీతం లెక్కన చేసి వచ్చాడు. చెల్లీ, ‘ఏడాదిలో దుబాయి’ అన్న మాట మీ నాన్నకు రెండుసార్లు చదివి వినిపించు.

డల్లాస్_నకిరేకల్
అమెరికాలో ‘సర్జికల్ టెక్నాలజిస్ట్’ అనే ఉద్యోగం నిజంగానే ఉంది, నేను అదే చేస్తున్నాను. ఇక్కడ స్క్రబ్ ప్రధానంగా మా పనే. కానీ నేను ఈ ఉద్యోగం వీసా మీద రాలేదు, మా వారి వెంట వచ్చాను. ఇండియాలో చదివినది పక్కన పెట్టి, ఇక్కడ గుర్తింపు ఉన్న కోర్సు కమ్యూనిటీ కళాశాలలో మళ్లీ చదివి, సీఎస్‌టీ అనే ధ్రువీకరణ పరీక్ష రాసి చేరాను. ఈ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు కనుక హెచ్‌1బీ వీసా దొరకడం చాలా కష్టం. ఎవరైనా ఈ పని చూపి అమెరికా పంపిస్తామంటే మీ ఇంటి గేటు దగ్గరే టీ ఇచ్చి పంపేయండి.

ఆక్సిజన్_సిలిండర్
టీ కూడా వద్దు.

ఇప్పుడు హాస్యం కాదు. చేరిన మొదటి వారంలోనే హెపటైటిస్ బీ టీకా మొదలుపెట్టు: మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు, మొత్తం మూడు. ఆసుపత్రి వేయిస్తే సరి, లేకపోతే సొంత డబ్బుతో వేయించుకో. వాడిన సూది గుచ్చుకుంటే దాచిపెట్టకు. నేను దాచాను. తిడతారని భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు వీలైనంత త్వరగా, 72 గంటల లోపే మొదలుపెట్టాలి. నేను 50వ గంటలో నోరు విప్పాను. 28 రోజులు మాత్రలు మింగాను. ఏమీ కాలేదు, కానీ పరీక్షల ఫలితం తేలేదాకా ఆ మూడు నెలలు మా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

గద్వాల_సిస్టర్
ఇది ఇన్నేళ్లలో మీరు రాసిన మొదటి పనికొచ్చే పోస్టు. టికెట్ల మామయ్యకు తెలుసా?

ఆక్సిజన్_సిలిండర్
ఆయనే నన్ను బండి మీద తీసుకెళ్లాడు సిస్టర్.

మిర్యాలగూడ_ఆటోక్లేవ్
జీతం అడిగావు కదమ్మా. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ముందు ఒక కేసు చెబుతాను. ఒకసారి గర్భసంచి ఆపరేషన్. పొట్ట మూసే ముందు లెక్క పెట్టాను, ఒక మాప్ తక్కువ వచ్చింది. చెప్పాను. సర్జన్ విసుక్కున్నారు, ‘నీకు లెక్క రాదు, పది తప్పినవాడివి’ అన్నారు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ ఒకటి తక్కువ. కుట్టు వేయవద్దు సార్ అని సూది దారం నా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. అరగంట వెతికాం. చివరికి ఆ మాప్ సర్జన్ చెప్పు అడుగున అతుక్కుని ఉంది. ఆయన మంచివారే, ఆ రోజు నుంచి నేను లెక్క చెప్పనిదే పొట్ట మూయలేదు.

ఇక జీతం. నాకు 19 వేలు. పైన చెప్పానే, బాబ్‌కాక్ తెలియని అబ్బాయి, అతనికి 22 వేలు. అతను చెడ్డవాడు కాదు, నన్ను అన్నా అని పిలుస్తాడు, నేనే పని నేర్పుతున్నాను. కిందటేడు ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు కోసం తనిఖీ బృందం వచ్చింది. సిబ్బంది సర్టిఫికెట్లు చూస్తారట. యాజమాన్యం ముందురోజు నన్ను పిలిచి రెండు రోజులు ఇంటి దగ్గర ఉండమంది. ఇన్నేళ్లలో నేను అడగకుండా ఇచ్చిన సెలవు అదొక్కటే. ఇంట్లో మా ఆవిడ ‘పండుగా?’ అని అడిగింది.

మొదటి పోస్టులో కాగితానికి చేతులు ఉండవని గొప్పగా రాశాను. చదువుకో అమ్మా. డిప్లొమా అయినా, డిగ్రీ అయినా, బోర్డు సంతకం ఉన్నది చదువు.

పదిహేనో_బ్లేడు
అన్నా, మొదట మీతో వాదించినందుకు సిగ్గుగా ఉంది. మాప్‌ల సంగతి మా థియేటర్‌లో అందరికీ చదివి వినిపించాను.

గద్వాల_సిస్టర్
నేను కూడా. మా కొత్త పిల్లలు నిన్న లెక్క తేలగానే సర్జన్ చెప్పులు కూడా చూశారు.

అచ్చంపేట_మాస్టారు
బీఈడీ అన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పదో తరగతి తప్పిన మీ దగ్గర లెక్కలు నేర్చుకోవాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు.

ఎర్రబస్సు_కల్వకుర్తి
శనివారం వెళ్లిపోయింది. అమ్మాయి ఏం చేసిందో ఎవరికైనా తెలుసా?

దేవరకొండ_బైపీసీ
అన్నీ నాన్నకు చదివి వినిపించాను. శనివారం నాన్న నేను హైదరాబాదు వెళ్లాం. సంతకం ఎవరిదని నాన్నే అడిగాడు. ‘మాది అంతర్జాతీయ సర్టిఫికెట్, స్థానిక బోర్డులతో పని లేదు’ అన్నారు. చేయి పెట్టనిచ్చే థియేటర్ ఎక్కడ ఉందో చూపించండి అన్నాడు. ఒక గదిలో ప్లాస్టిక్ బొమ్మ, రెండు కత్తెరలు చూపించారు. నాన్న పదివేలు జేబులోనే పెట్టుకుని బయటికి వచ్చి, ఎంజీబీఎస్ బస్టాండులో నాకు బిర్యానీ తినిపించాడు.

బీఎస్సీ కౌన్సెలింగ్‌కూ, డిప్లొమాకూ రెండింటికీ దరఖాస్తు పెడుతున్నాను. ఏది ముందు వస్తే అది. ఆ బంధువు మాతో మాట్లాడటం మానేశాడు.

ఆక్సిజన్_సిలిండర్
కమీషన్ పోయిందిగా మరి.

దేవరకొండ_బైపీసీ
చాలా రోజుల తర్వాత వచ్చాను. బీఎస్సీ సీటు దూరంగా వచ్చింది, హాస్టల్ ఖర్చు లెక్క వేసుకుని వదులుకున్నాను. నల్లగొండలో డిప్లొమాలో చేరాను, ఆ కళాశాలకు సొంత ఆసుపత్రి ఉంది, వెళ్లి కళ్లతో చూశాకే ఫీజు కట్టాం. పదిహేనో బ్లేడు అన్న తిడతాడేమో. సోమవారం మొదటిసారి థియేటర్ లోపలికి పంపిస్తారట. ఏం తీసుకెళ్లాలి?

పదిహేనో_బ్లేడు
ఎందుకు తిడతాను? చేయి కుదిరాక డిగ్రీ సంగతి చూద్దాం. చిన్న నోటు పుస్తకం పెట్టుకో, ఏ సర్జన్‌కు ఏ దారం ఇష్టమో రాసుకో.

గద్వాల_సిస్టర్
గోళ్లు కత్తిరించుకో, గాజులు ఇంట్లో పెట్టు, కడుపునిండా తిని వెళ్లు. మొదటి రోజు కళ్లు తిరిగితే గోడకు ఆనుకుని కింద కూర్చో, ట్రాలీ మీద మాత్రం పడకు.

మిర్యాలగూడ_ఆటోక్లేవ్
అమ్మా, గ్లోవు సైజు ఎంత అని అడుగుతారు. కొత్తవాళ్లు బిక్కముఖం వేస్తారు. బొటనవేలు వదిలేసి అరచేయి చుట్టూ టేపు పెట్టి అంగుళాల్లో కొలుచుకో, అదే సైజు. అడగ్గానే చెప్పాలి.

దేవరకొండ_బైపీసీ
అమ్మ కుట్టుమిషను టేపుతో కొలిచింది. ఆరున్నర, అన్నా.